బెల్ట్ శాండరా, ర్యాండమ్ ఆర్బిటల్ శాండరా? మీ పనికి ఏది కావాలో తేల్చుకుని, దాన్ని సరిగ్గా నడిపే పద్ధతి

పాత టేకు తలుపులకు మళ్లీ పాలిష్ పెట్టుకోవాలన్నా, తాతల నాటి పట్టె మంచాన్ని బాగుచేసుకోవాలన్నా, పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని చెక్కపని మొదలుపెట్టాలన్నా ముందుగా కొనాలనిపించేది శాండింగ్ మిషనే. నెల్లూరులోనో ఒంగోలులోనో హార్డ్‌వేర్ షాపుకు వెళ్తే బెల్ట్ శాండర్‌నీ, ర్యాండమ్ ఆర్బిటల్ శాండర్‌నీ పక్కపక్కన పెట్టి చూపిస్తారు. రెండూ ఎమిరీ పేపర్‌తోనే పనిచేస్తాయి కాబట్టి ఏది కొన్నా ఒకటేనని అనిపిస్తుంది. ఒకటి కాదు. బెల్ట్ శాండర్ చెక్కను తీసేస్తుంది, ఆర్బిటల్ చెక్కను నునుపు చేస్తుంది.

ఒక్కటే కొనే స్తోమత ఉంటే ఆర్బిటల్ కొనండి. ఇంటి పనులు చేసుకునే మనిషికి మందంగా చెక్క తీయాల్సిన అవసరం ఎప్పుడో గానీ రాదు. వచ్చినప్పుడు ఆ పలకల్ని సామిల్లుకు తీసుకెళ్లి, పలకంతా ఒకే మందం వచ్చేలా చిత్రిక పట్టే థిక్‌నెస్ మిషన్‌లో పెట్టిస్తే మనం ఇంట్లో పూటంతా పడే శ్రమ అక్కడ కాసేపట్లో తేలిపోతుంది. నునుపు చేయాల్సిన అవసరం మాత్రం ప్రతి పనిలోనూ వస్తుంది. అయితే రోజూ డైనింగ్ టేబుళ్లు, తలుపులు చేసే వడ్రంగికి ఈ సలహా చాలదు. అతనికి రెండూ కావాలి, వాటిని వాడే వరుస కూడా తెలియాలి.

మొదటి అడుగు: చెక్క మెరకా పల్లం కొలవండి

మిషన్ గురించి ఆలోచించే ముందు చెక్కను చూడాలి. తాపీ మేస్త్రీలు వాడే అల్యూమినియం బద్ద ఒకటి తెచ్చుకోండి. దాన్ని పలక మీద అడ్డంగా, నిలువుగా, మూల నుంచి మూలకు పెట్టి, వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చి వేయండి. బద్ద కింద నుంచి వెలుతురు కనపడిన చోట పల్లం ఉన్నట్టు. ఆ సందులోకి ఏటీఎం కార్డు దూర్చి చూడండి. ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. ఇంతకు మించిన కొలత పరికరం ఈ పనికి అక్కర్లేదు.

కార్డు దూరి, ఇంకా వదులుగా ఆడుతుంటే ఆ చెక్కకు శాండర్ చాలదు, చిత్రిక పట్టాల్సిందే. చేతి చిత్రికైనా, ఎలక్ట్రిక్ ప్లేనరైనా, సామిల్లు మిషనైనా సరే. కార్డు బిగుతుగా దూరినా, దూరీ దూరకుండా ఆగినా బెల్ట్ శాండర్ పని. కార్డు అంచు కూడా ఎక్కకుండా సన్నటి వెలుతురు గీత మాత్రమే కనిపిస్తే ఆర్బిటల్‌తో సరిపోతుంది. ఇవి ఏ పుస్తకంలోనూ రాసిన హద్దులు కావు, పనిలో తేలిన అంచనాలు. చెక్క మెత్తనిదైతే ఆర్బిటల్ ఇంకొంచెం ఎక్కువే లాగుతుంది, నల్లతుమ్మ లాంటి గట్టి కర్రైతే అంత లాగలేదు.

రెండు మిషన్లూ లోపల ఏం చేస్తాయి

బెల్ట్ శాండర్‌లో ముందొక రోలరు, వెనకొక రోలరు, వాటి చుట్టూ ఎమిరీ బెల్టు ఉంటాయి. బెల్టు వెడల్పు సాధారణంగా 75 లేదా 100 మిల్లీమీటర్లు. అది నిమిషానికి కొన్ని వందల మీటర్ల వేగంతో ఒకే దిక్కుకు పరుగెడుతుంది. బెల్టులోని ప్రతి గరుకు గింజా చెక్క మీద తిన్నటి గీత గీస్తూ పోతుంది. అందుకే దాన్ని చెక్క నార వెంట నడిపితే గీతలు నారలో కలిసిపోతాయి, నారకు అడ్డంగా నడిపితే పాలిష్ పడ్డాక ఒక్కో గీతా లెక్కపెట్టుకునేలా కనిపిస్తుంది. మిషన్ బరువు కూడా ఎక్కువే. చిన్నవి మూడు కిలోల దాకా ఉంటే 100 మిల్లీమీటర్ల బెల్టువి ఐదారు కిలోలు తూగుతాయి. ఆ బరువే కోతకు బలం. ఒకే చోట రెండు సెకన్లు ఆగినా గుంట పడటానికి కారణమూ ఆ బరువే.

ర్యాండమ్ ఆర్బిటల్ పద్ధతి వేరు. 125 మిల్లీమీటర్ల గుండ్రటి ప్యాడ్‌ను మోటారు రెండు మూడు మిల్లీమీటర్ల చిన్న వలయంలో ఊపుతుంది. ఆ ఊపు నిమిషానికి 12,000 సార్ల దాకా ఉంటుంది. ప్యాడ్ బేరింగు మీద బిగించి ఉండటం వల్ల ఆ ఊపుతో పాటు ప్యాడ్ దానంతట అది మెల్లగా గుండ్రంగా కూడా తిరుగుతుంది. రెండు కదలికలూ కలవడంతో ఏ గింజా పోయిన దారిలోనే మళ్లీ పోదు. గీతలు అన్ని దిక్కులకూ చెదిరిపోయి కంటికి ఆనవు. నార ఎటు ఉన్నా పెద్దగా పట్టింపు లేకపోవడానికి కారణం ఇదే. రెండు పలకలు అడ్డంగా, నిలువుగా కలిసే తలుపు మూలల్లో ఈ మిషన్ విలువ బాగా తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. చదరపు ప్యాడ్‌తో, పేపర్‌ను క్లిప్పులతో పట్టుకునే మిషన్ ఒకటి చవగ్గా దొరుకుతుంది. అది ఆర్బిటలే గానీ ర్యాండమ్ కాదు, ఎందుకంటే దాని ప్యాడ్ తిరగదు. మూలల్లోకి చక్కగా పోతుంది, పాలిష్ పూతల మధ్య రుద్దడానికి బాగుంటుంది. పని మాత్రం నెమ్మది. షాపులో ‘ఆర్బిటల్’ అని మాత్రమే అడిగితే దాన్నే చేతిలో పెట్టే అవకాశం ఉంది, గుండ్రటి ప్యాడ్ ఉన్నది కావాలని విప్పి చెప్పండి.

రెండో అడుగు: పనిని బట్టి నిర్ణయం

పలకలు జోడించి ఫెవికాల్ పెట్టిన టేబుల్ పైభాగం: బెల్ట్ శాండర్ పుట్టిందే దీనికోసం. నాలుగైదు పలకలు అతికించినప్పుడు అతుకుల దగ్గర ఎత్తుపల్లాలు తప్పవు. ఎండిన ఫెవికాల్ పూసలుగా పైకి తేలి ఉంటుంది. ముందు ఆ జిగురును ఉలితో గీకేయండి, లేకపోతే వేడికి కరిగి బెల్టుకు అంటుకుంటుంది. తర్వాత 80 నంబరు బెల్టుతో (నంబరు పెరిగేకొద్దీ గరుకు సన్నబడుతుంది), మొదట నారకు ఏటవాలుగా రెండు వైపుల నుంచీ, చివర్లో నార వెంట నడపాలి. ఆ తర్వాతి పనంతా ఆర్బిటల్‌దే.

ప్లైవుడ్ మీద వెనీరు, అంటే పైన అతికించిన పల్చటి చెక్క పొర: బెల్ట్ శాండర్‌ను దగ్గరికి కూడా రానివ్వకండి. మామూలుగా దొరికే డెకరేటివ్ వెనీరు అర మిల్లీమీటరు మందం, అంటే ఏటీఎం కార్డు కంటే పల్చన. మిషన్ ఒక్క చోట ఆగితే వెనీరు పోయి కింది ప్లై పొర బయటపడుతుంది, దానికి మరమ్మతు లేదు. 180 పేపర్‌తో ఆర్బిటల్‌ను తక్కువ వేగంలో, అంచులకు దూరంగా నడపండి. అంచులు చేత్తోనే రుద్దాలి.

రంగు వేసిన పాత తలుపు: చాలామంది బెల్ట్ శాండర్ కొనేది దీనికోసమే, నాకైతే అది నచ్చదు. ఎనామెల్ పెయింటు వేడికి మెత్తబడి బెల్టుకు పట్టేస్తుంది, కాసేపటికే బెల్టు గరుకు పోయి పనికిరాదు. అంతకంటే పెద్ద సమస్య సీసం. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు రంగులు వేసిన తలుపుల్లో సీసం ఉండొచ్చు. దాన్ని పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. పాకే పిల్లలున్న ఇల్లైతే ఇక చెప్పనక్కర్లేదు. పెయింట్ రిమూవర్ పూసి, పొంగిన రంగును పుట్టీ బ్లేడుతో గీకి, శుభ్రంగా తుడిచాకే మిషన్ ముట్టుకోండి. పాత తలుపుల్లో విరిగిన మేకులు కూడా ఉంటాయి. బెల్టు మేకుకు తగిలితే చిరుగుతుంది, నిప్పురవ్వ దుమ్ముసంచిలో పడితే మంట అంటుకుంటుంది. అరచేత్తో తడిమితే మేకు తలలు తెలియవు. గట్టి అయస్కాంతాన్ని దారానికి కట్టి తలుపంతా తిప్పి చూడండి.

వానలకు బిగుసుకున్న తలుపు: మన జిల్లాల్లో పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెక్క చెమ్మ పీల్చి ఉబ్బుతుంది, తలుపు గుమ్మానికి పట్టేస్తుంది. అప్పుడే బెల్ట్ శాండర్ తెచ్చి అంచు అరగదీస్తే మళ్లీ ఎండలకు చెక్క కుంచించుకుని, రోహిణి కార్తె వచ్చేసరికి తలుపు పక్క నుంచి వీధి కనపడుతుంది. తగులుతున్న చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, అక్కడ మాత్రం చిత్రికతో పల్చగా ఒక పొర తీసి, ఎండాకాలం దాకా ఆగండి. తలుపు అంచు వెడల్పు 35 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. 75 మిల్లీమీటర్ల బెల్టు దాని మీద నిలవదు, అటో ఇటో ఒరిగి అంచును గుండ్రంగా చేసేస్తుంది. బెల్టే వాడాలనుకుంటే తలుపుకు రెండు వైపులా అంచుతో సమంగా చెక్క బద్దలు క్లాంపులతో బిగించి, వెడల్పు పెంచుకుని నడపండి.

మంచం కోళ్లు, ఉయ్యాల కమ్ములు, గరిటెలు: ఇలాంటి గుండ్రటి పనికి రెండూ సరిపోవు. ఆర్బిటల్ ప్యాడ్‌కీ పేపర్‌కీ మధ్య పెట్టే స్పాంజి ప్యాడ్ దొరుకుతుంది, అది ఉంటే బయటి వంపుల మీద కొంతవరకు నడుస్తుంది. లోపలి వంపులకు చెయ్యే దిక్కు. భౌగోళిక గుర్తింపు దక్కిన ఉదయగిరి చెక్క గరిటెల్ని తీసుకుని గుంట లోపల బొటనవేలు తిప్పి చూడండి, ఆ నునుపు ఏ గుండ్రటి ప్యాడూ తేలేదు.

ఇక గ్రైండర్ మాట. మన వైపు చాలామంది వడ్రంగులు నాలుగంగుళాల గ్రైండర్‌కు ఎమిరీ బిళ్ల తగిలించి అన్ని పనులూ దానితోనే కానిస్తారు. చవక, వేగం, చేతిలో ఉన్న మిషనే. ముదురు దుంగ పైతొక్క తీయడానికి, వంపులు దిద్దడానికి అది మంచి పనిముట్టే. చదును పలక మీద మాత్రం అర్ధచంద్రాకారపు గుంటలు వరసగా పడతాయి. చేతికి తెలియవు, కంటికీ ఆనవు. మెరుపు పాలిష్ పడి ట్యూబులైటు వెలుతురు మీద పడ్డ రోజున అలలు అలలుగా బయటపడతాయి. మీ తలుపులకు పని చేయించుకుంటున్నప్పుడు ఆచారి గారిని ముందే అడగండి, పైభాగానికి గ్రైండర్ వద్దని మర్యాదగా చెప్పండి.

మూడో అడుగు: షాపులో ఏం చూడాలి

ఆర్బిటల్‌లో వేగం తగ్గించి పెంచే చక్రం ఉండాలి. అది లేనిది వెనీరుకూ, పాలిష్ పూతల మధ్య పనికీ పనికిరాదు. మిషన్ ఆన్ చేసి గాల్లో పట్టుకోండి. ప్యాడ్ మెల్లగా తిరగాలి. గిర్రున తిరిగిందంటే దాన్ని ఆపే రబ్బరు రింగు సరిగా లేనట్టు, అలా తిరుగుతున్న ప్యాడ్ చెక్కకు తగలగానే చుట్ట గీతలు పెడుతుంది. ప్యాడ్‌కు ఉన్న రంధ్రాలు లెక్కపెట్టి అన్నే రంధ్రాలున్న పేపర్ కొనండి. 125 మిల్లీమీటర్ల ప్యాడ్లకు ఎనిమిది రంధ్రాలవి తేలిగ్గా దొరుకుతాయి. దుమ్ము పోయేది ఆ రంధ్రాల్లోంచే కాబట్టి కలవకపోతే మిషన్ కొన్న ప్రయోజనం సగం పోతుంది. మోటారు 250 నుంచి 300 వాట్లు ఉంటే ఇంటి పనికి ధారాళం.

బెల్ట్ శాండర్‌లో ముందు చూడాల్సింది బెల్టు కొలత. 75×457, 75×533, 100×610 (మిల్లీమీటర్లలో వెడల్పు, పొడవు) అని రకాలున్నాయి. కొన్ని పెట్టెల మీద 75కు బదులు 76 అని రాసి ఉంటుంది, రెండూ ఒకటే. మీ ఊళ్లో ఏ కొలత బెల్టులు ఎప్పుడూ దొరుకుతాయో కనుక్కుని దానికి తగిన మిషన్ తీసుకోండి. కావలిలోనో కందుకూరులోనో ఉండి ప్రతి బెల్టుకూ చెన్నై నుంచి కొరియర్ కోసం ఎదురుచూడాల్సి వస్తే మిషన్ మూలన పడుతుంది. బెల్టును మధ్యలో ఉంచే మర తిప్పి చూడండి. కొంచెం తిప్పితే బెల్టు కొంచెమే పక్కకు జరగాలి. కొత్త మనిషైతే 75 మిల్లీమీటర్లదే తీసుకోండి, 100 మిల్లీమీటర్లది చేతిని లాగేస్తుంది.

నాలుగో అడుగు: బెల్ట్ శాండర్ నడపడం

ప్లగ్గు పెట్టే ముందు స్విచ్చి లాక్ పడి ఉందేమో చూడండి. లాక్ పడి ఉన్న మిషన్ ప్లగ్గు పెట్టగానే బల్ల మీద నుంచి పరుగెత్తి కిందపడుతుంది. బెల్టు లోపలి వైపు బాణం గుర్తు ఉంటే మిషన్ మీద బాణంతో కలిసేలా ఎక్కించండి. తిరగేసి ఎక్కిస్తే అతుకు ఊడిపోతుంది.

పలకను కదలకుండా బిగించాక దాని మీద పెన్సిల్‌తో వంకర గీతలు పలకంతా గీయండి. ఎక్కడ చెక్క పోయింది, ఎక్కడ పోలేదు అన్నది ఈ గీతలే చెబుతాయి. మిషన్‌ను గాల్లోనే ఆన్ చేసి, బెల్టు పూర్తి వేగం అందుకున్నాక, వెనక భాగం ముందు ఆనేలా మెల్లగా దించండి. దించిన క్షణం నుంచీ కదుపుతూనే ఉండండి. చేత్తో అదమకండి, దాని బరువు అది చూసుకుంటుంది. పలక చివరికి వచ్చినప్పుడు మిషన్‌లో మూడో వంతు కంటే ఎక్కువ బయటికి పోనివ్వకండి, పోతే ముక్కు కిందికి వంగి అంచును అరగదీస్తుంది. ఆపేటప్పుడు ముందు పైకెత్తి, తర్వాతే స్విచ్చి వదలాలి. పెన్సిల్ గీతలన్నీ పోయాక మళ్లీ బద్ద పెట్టి చూడండి. ఒక చోట గీతలు మిగిలాయని అక్కడే రుద్దుతూ కూర్చుంటే అక్కడ కొత్త పల్లం తయారవుతుంది. చుట్టుపక్కల భాగాన్ని కూడా కలుపుకుని పెద్ద వెడల్పులో నడపండి.

ఐదో అడుగు: ఆర్బిటల్ నడపడం, పేపర్ నంబర్లు

మిషన్‌ను చెక్క మీద బల్లపరుపుగా పెట్టి అప్పుడు ఆన్ చేయండి. సెకనుకు రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున జరపండి. ఇది మీరు ఊహించేదానికంటే చాలా నెమ్మది. గడియారం పెట్టి చూస్తే, మీటరు పొడవు పలక మీద ఒక్క వరసకు అర నిమిషం పైనే పట్టాలి. బట్టలు ఇస్త్రీ చేసినట్టు గబగబా అటూ ఇటూ లాగితే చుట్ట గీతలు మిగిలిపోతాయి. ప్రతి వరసా ముందు వరసను సగం కప్పాలి. అదిమితే ప్యాడ్ తిరగడం మానేసి ఊగడం మాత్రమే చేస్తుంది, వేడెక్కి పేపర్‌ను పట్టి ఉంచే వెల్క్రో కొక్కేలు కరిగిపోతాయి, తర్వాత పేపర్ నిలవదు. అంచు మీద ఒరగనివ్వకండి.

బెల్టు తర్వాత 80తో మొదలుపెట్టి 120, 180 వరుసలో వెళ్లండి. సామిల్లులో చిత్రిక పట్టిన పలకైతే 120తో మొదలుపెట్టినా చాలు. మధ్యలో నంబరు ఎగరగొట్టకండి. 80 పెట్టిన లోతు గీతను 180 పేపర్ తీయలేదు, పైన మెరుపు మాత్రం తెస్తుంది. పేపర్ మార్చిన ప్రతిసారీ దుమ్మంతా తుడవాలి. పాత నంబరు గింజ ఒక్కటి మిగిలినా కొత్త పేపర్ కింద దొర్లుతూ గీత పెడుతుంది. సందేహంగా ఉంటే లైట్లన్నీ ఆపేసి టార్చిని పలకకు ఆనించి పక్క నుంచి వెలుతురు వేయండి. గుడ్డతో కాస్త స్పిరిట్ పూసినా గీతలు వెంటనే తేలతాయి, స్పిరిట్ ఆరిపోతుంది, చెక్కకు ఏమీ కాదు. పూసేటప్పుడు మిషన్ ప్లగ్గు తీసి ఉండాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

పీయూ (పాలీయురెథేన్), మెలమైన్ పాలిష్‌లకు 180 నుంచి 220 దాకా రుద్దితే చాలు. ఇంకా సన్నం చేస్తే రంగు సరిగ్గా పట్టదు. పలక కొసలు, అంటే అడ్డకోత కనిపించే చోట్లు, రంగును ఎక్కువ పీలుస్తాయి. అక్కడ ఒక నంబరు సన్నటి పేపర్ వాడితే పలకంతా ఒకే ఛాయ వస్తుంది. పూతల మధ్య 320 లేదా 400, అదీ చేత్తో, తేలిగ్గా.

కర్రను బట్టి తేడాలున్నాయి. టేకులో నూనె ఉండటం వల్ల దుమ్ము పేపర్‌కు పట్టేస్తుంది. దానిలోని సన్నటి ఇసుక లాంటి పదార్థం పేపర్‌ను త్వరగా మొండి చేస్తుంది. టేకుకు పేపర్లు రెట్టింపు కొనుక్కోండి. వేపలో నార ఒక పొరలో ఇటు, మరో పొరలో అటు పోతుంది. చిత్రిక పడితే పెళ్లలు లేస్తాయి. మెట్ట ఊళ్లలో ఇప్పటికీ వేప తలుపులు చేయించుకునే వాళ్లకు ఆర్బిటల్ నిజంగా వరం. మామిడి చెక్క మెత్తన, నూగు లేస్తుంది. దానికి 180 అయ్యాక తడిగుడ్డతో తుడిచి, ఆరాక 220తో చేత్తో ఒక్కసారి రుద్దండి.

చిన్న ముక్కల్ని మిషన్ కింద పట్టుకోవడం కష్టం, వేళ్లకు ప్రమాదం కూడా. చీమకుర్తి వైపు గ్రానైట్ పాలిష్ యూనిట్ల దగ్గర విరిగిన ముక్కలు పడి ఉంటాయి. అడుగు పొడవున్న చదునైన ముక్క ఒకటి అడిగి తెచ్చుకుని, దాని మీద ఎమిరీ పేపర్ అంటించి, చెక్క ముక్కనే దాని మీద రుద్దండి. ఆ చదును ఏ మిషనూ ఇవ్వదు.

దుమ్ము సంగతి

ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. చెక్క దుమ్ము క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. ముక్కు లోపలి భాగాలకు వచ్చే క్యాన్సర్‌తో దానికి సంబంధం ఉంది. టేకు దుమ్ముకు కొందరికి ఒళ్లు దద్దుర్లు వస్తాయి. తువ్వాలు చుట్టుకుంటే కంటికి కనిపించే దుమ్మే ఆగుతుంది, ఊపిరితిత్తుల దాకా పోయే సన్నటి దుమ్ము ఆగదు. ఎన్95 మాస్కు పెట్టుకోండి, పనిలో ఉన్న కుర్రాడికీ ఇవ్వండి. మిషన్‌తో ఇచ్చే గుడ్డసంచి కంటే వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం తగిలిస్తే దుమ్ము చాలావరకు అక్కడికక్కడే పోతుంది, పేపర్ కూడా ఎక్కువసేపు నిలుస్తుంది. బెల్ట్ శాండర్ మోతకు చెవులకు ప్లగ్గులు కావాలి.

వానాకాలం, ఉప్పుగాలి

కొత్తపట్నం, మైపాడు లాంటి తీరపు ఊళ్లలో ఉండేవాళ్లు మిషన్‌ను షెడ్డులో బయట పెట్టకండి. ఉప్పుగాలికి రోలరు ఇరుసులు, బేరింగులు తుప్పు పడతాయి. పని అయ్యాక దుమ్ము తుడిచి మూత ఉన్న డబ్బాలో పెట్టండి. బెల్టు అతుకును పట్టి ఉంచేది జిగురే కాబట్టి చెమ్మకు అది వదులవుతుంది, ముందు వానాకాలం కొని అట్టేపెట్టిన బెల్టు మిషన్ మీద చటుక్కున తెగడం మామూలే. బెల్టులు మడతపెట్టకండి, ఇంట్లో పొడిగా ఉన్న గోడకు లావుపాటి పైపు ముక్క బిగించి దాని మీద వేలాడదీయండి. ఎక్కువ చవకగా వస్తున్నాయని డజన్ల లెక్కన కొనకుండా ఒక సీజన్‌కు సరిపడా మాత్రమే తెచ్చుకోండి.